పదో తరగతి పిల్ల తల్లి కాబోతోందంటే అందులో ఇంటి వాటా ఎంత?

ప్రశ్న: లెక్కల టీచర్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా బడికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది కొండవాలు ఇళ్లలోనూ కాలువగట్ల వెంబడీ కాపురముండే కుటుంబాల వారు. తల్లులు ఇళ్లలో పనులకో బట్టల దుకాణాలకో వెళతారు, తండ్రులు ఆటోలు నడుపుతారు, మూటలు మోసే ముఠా పని చేస్తారు. గత నాలుగేళ్లలో తొమ్మిది, పది తరగతుల నుంచి ఐదుగురు ఆడపిల్లలు పెళ్లయి బడి మానేశారు. వారిలో ముగ్గురు పందొమ్మిదేళ్లు నిండకముందే తల్లులయ్యారు.

మొన్న జూన్‌లో ఒక అమ్మాయి సప్లిమెంటరీ పరీక్షకు హాల్ టికెట్ తీసుకుపోవడానికి వచ్చింది. మాఘమాసంలో పెళ్లయిందట, ఆ సంగతి మాకెవరికీ తెలియదు. మార్చి పరీక్షల్లో అన్నీ గట్టెక్కి నా లెక్కల పేపరొక్కటే తప్పింది. అత్తగారు గొడుగు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంటే, ఈ పిల్ల లోపలికి వచ్చి, చాలాసేపు తటపటాయించి, "టీచర్, పరీక్ష మధ్యలో వాంతి వస్తే బయటికి పంపిస్తారా?" అని అడిగింది. రిజిస్టరు ప్రకారం ఆ పిల్లకు పదహారేళ్లు నిండి రెండు నెలలు. మా ప్రధానోపాధ్యాయులు ఆ రోజే బాలల సహాయ నంబరు 1098కి తెలియజేశారు కాబట్టి దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

నేను అడగదలచుకున్నది వేరు. ఆ సాయంత్రం స్టాఫ్‌రూములో ఒకరు తప్పంతా సెల్‌ఫోనుదన్నారు, ఒకరు సినిమాలదన్నారు, మరొకరు తల్లి పెంపకం సరిగా లేదన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019–21 నాటి లెక్కలు చూస్తే, 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవారు, గర్భంతో ఉన్నవారు కలిపి దేశం మొత్తం మీద 6.8 శాతం, తెలంగాణలో 5.8 శాతం ఉండగా, మన ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం ఉన్నారు. ఫోన్లూ సినిమాలూ అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి కదా, మన దగ్గర ఈ అంకె దేశ సగటుకు దాదాపు రెట్టింపు ఎందుకుండాలి? పట్టణాల్లో తక్కువేనని కొందరు అంటారు. దేశవ్యాప్తంగా అది నిజమే, పట్టణాల్లో 3.8, పల్లెల్లో 7.9 శాతం. కానీ నగరం మొత్తానికి వేసిన సగటులో మా కొండవాలు ఎక్కడ కనబడుతుంది?

వచ్చే నెలలో తల్లిదండ్రుల సమావేశం ఉంది. ఈ విషయం నన్నే మాట్లాడమన్నారు. ఎవరినీ తప్పుపట్టకుండా, అలాగని ఊరికే "ఆడపిల్లల్ని చదివించండి" అని నీతులు చెప్పి పంపకుండా ఏం మాట్లాడాలి? ఇంట్లో అసలు ఏం జరుగుతుందో దగ్గరగా చూసినవారు చెబితే మేలు.

జవాబు 1: కొండవాలు ఏఎన్‌ఎం (విశాఖపట్నం)

టీచర్ గారూ, నేను పట్టణ ఆరోగ్య కేంద్రంలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మీ స్టాఫ్‌రూములో వాదించుకున్నవారు బహుశా ప్రేమ పేరుతో మోసపోయిన పెళ్లికాని అమ్మాయిని మనసులో పెట్టుకుని మాట్లాడి ఉంటారు. అలాంటి కేసులు లేవనను. కానీ నా రిజిస్టరులో పేరు రాయించుకునే చిన్న వయసు గర్భిణుల్లో నూటికి తొంభై మందికి పైగా మెడలో తాళితో, పక్కన అత్తగారితో వచ్చేవారే. అంటే గర్భానికి ముందు పెళ్లి ఉంది, ఆ పెళ్లి ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడుకుని చేసిందే. కాబట్టి ఇంటి వాటా ఎంతని అడిగితే, మొదటి సగం పెళ్లి నిర్ణయంలోనూ రెండో సగం పెళ్లయిన మరుసటి నెల నుంచి మొదలయ్యే ఒత్తిడిలోనూ ఉందని చెబుతాను.

పెళ్లికి తొందర ఎందుకు పడతారో చూడండి. మా వీధుల్లో సాధారణంగా జరిగేదేమిటంటే, అదే సందులో ఎవరి కూతురో, ఒక్కోసారి సొంత అక్కో, ఎవరితోనో వెళ్లిపోతుంది. అక్కడి నుంచి ఆ ఇంట్లో మిగిలిన ఆడపిల్ల వయసు పుట్టినతేదీతో కాక అక్క వెళ్లిన తేదీతో లెక్కిస్తారు. ఆరు నెలలు తిరక్కుండా సంబంధం ఖాయమవుతుంది. మా దగ్గర చాలా కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వలస వచ్చినవి కావడంతో పిల్లను సెలవులకని సొంత ఊరు తీసుకెళతారు, పెళ్లి అక్కడే అయిపోతుంది, తిరిగి వచ్చేసరికి మెడలో పసుపుతాడు ఉంటుంది. ఊళ్లో అంగన్‌వాడీ టీచరుకు ఆ పిల్ల ఎవరో తెలియదు, ఇక్కడ మాకు పెళ్లి జరిగిందని తెలియదు. మేనరికమైతే ఇంకా సులువు. కట్నం లేదు, వాకబు లేదు, "బయటికి పోవడం లేదుగా, మా అన్నయ్య ఇంటికేగా" అనేస్తారు.

ఇక రెండో సగం. వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో పెళ్లయితే ఆషాఢంలో పిల్ల పుట్టింటికి వస్తుంది. ఆ నెల రోజులూ చుట్టుపక్కల ఆడవాళ్లు అడిగేది ఒకటే మాట: "విశేషమేమైనా ఉందా?" దసరాకీ లేకపోతే ఆ ప్రశ్న కాస్తా అనుమానమవుతుంది, సంక్రాంతికీ లేకపోతే ఆసుపత్రికి తీసుకొస్తారు. పదిహేడేళ్ల పిల్లను, పెళ్లయి ఎనిమిది నెలలే అయిన పిల్లను, పిల్లలు పుట్టడం లేదని నా దగ్గరికి తీసుకొచ్చిన అత్తగార్లు ఉన్నారు. మా దగ్గర నిరోధ్, వారానికోసారి వేసుకునే ఛాయా మాత్రలు, మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ అన్నీ ఉచితమే. అయినా మొదటి కాన్పు కాకుండా వాటి పేరెత్తితే గర్భసంచి పాడైపోతుందన్న భయం. ఆ భయం ఆ పిల్లది కాదు, భర్తది కూడా కాదు. వాళ్లిద్దరినీ ఎవరూ అడగరు. నేను "చివరిసారి నెలసరి స్నానం ఎప్పుడు చేశావమ్మా?" అని పిల్లను అడిగితే తేదీ అత్తగారు చెబుతుంది.

కిందటేడు ఒక పిల్ల వచ్చింది. బరువు 39 కిలోలు, హిమోగ్లోబిన్ 7.6. వయసు అడిగితే తల్లి పందొమ్మిది అంది, ఆధార్ చూస్తే పదిహేడు. ఐరన్ మాత్రలు సరిపోవమ్మా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి అంటే ఆ తల్లి, "నేను దాని వయసుకు ఇద్దర్ని కన్నాను, బతకలేదా?" అంది. ఇరవై ఏళ్లలోపు తల్లులకు గుర్రపువాతం (రక్తపోటు పెరిగి ఫిట్స్ రావడం), కాన్పు తర్వాత ఇన్ఫెక్షన్లు, నెలలు నిండకుండానే తక్కువ బరువు బిడ్డ పుట్టడం లాంటి ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుందని నేనెంత చెప్పినా, ఆమె ముందు ఆమె బతుకే పెద్ద రుజువు.

నాకు వింతగా తోచే సంగతి ఒకటుంది. చిన్నతనంలోనే తల్లులైనవారిలోనే కొందరు "నా బతుకు దానికొద్దమ్మా" అని కూతురిని కాలేజీకి పంపుతారు. అనుభవం ఒకటే అయినా ఒకరు అటు, ఒకరు ఇటు ఎందుకు వెళతారని చాలాసార్లు ఆలోచించాను. నేను చూసినంతలో, రెండో రకం తల్లుల చేతిలో సొంత సంపాదన ఉంటుంది. సంఘంలో పొదుపో, కూరగాయల బండో, ఏదో ఒకటి. వాళ్ల మాట ఇంట్లో కాస్త చెల్లుతుంది.

జవాబు 2: పాలమూరు మేస్త్రీ (హైదరాబాద్)

ఏఎన్‌ఎం గారు రాసింది అబద్ధమనను కానీ తల్లిదండ్రుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. మేము మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. మొదట్లో బోరబండ వైపు ఒకే గది పోర్షన్‌లో నలుగురం ఉన్నాము. ఆరు పోర్షన్లకు కలిపి ఒకటే బాత్రూము. పెద్దమ్మాయి పెద్దమనిషి అయిన రోజున ఆ పిల్లను కూర్చోబెట్టడానికి మాకు ఒక మూల లేదు. నేను పొద్దున ఏడింటికి సైటుకు వెళితే రాత్రి ఎనిమిది, మా ఆవిడ హాస్టల్ మెస్సులో వంటకు వెళితే తిరిగి వచ్చేసరికి తొమ్మిది. ఊళ్లో అయితే మా అమ్మ అరుగు మీద కూర్చుని ఉండేది, ఎవరు వచ్చారో ఎవరు పోయారో అడగకుండానే ఆమెకు తెలిసేది. ఇక్కడ ఆ కళ్లు లేవు. పిల్ల బడి నుంచి వచ్చాక ఐదు గంటలు ఒంటరిగా ఉంటుంది, వీధి చివర కుర్రాళ్లు ఉంటారు. తాళి ఒక్కటే తాళంలా కనబడిన రోజులు మాకు వచ్చాయి. అది తప్పే అయినా భయంలోంచి వచ్చిన తప్పు అని గ్రహించమని కోరుతున్నాను.

మా పెద్దమ్మాయికి పద్దెనిమిది నిండేవరకూ ఆగాము. నిజం చెప్పాలంటే ఆడపిల్ల పెళ్లికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి డబ్బు కోసం ఆగాము. 2014లో 51,000 రూపాయలతో మొదలైన ఆ పథకం కింద ఇప్పుడు 1,00,116 రూపాయలు ఇస్తున్నారు, వధువుకు పద్దెనిమిది నిండితేనే ఇస్తారు. నాలాంటి వాళ్లను రెండేళ్లు ఆపిందంటే ఆ పథకం చేసిన మేలే. కానీ పద్దెనిమిదేళ్ల రెండు నెలలకు పెళ్లి, పందొమ్మిది నిండకుండానే గర్భం. ఏడో నెలలోనే కాన్పయి బిడ్డ దక్కలేదు. చట్టం ప్రకారం మేము ఏ తప్పూ చేయలేదు, కానీ టీచర్ గారు చెప్పిన ఆ సర్వే లెక్కలోకి మా అమ్మాయి లాంటి వారూ వస్తారు. పద్దెనిమిది అన్నది పెళ్లికి గీత, కాన్పుకు కాదు అని ఆ రోజున మాకు ఎవరూ చెప్పలేదు.

చిన్నమ్మాయి ఇప్పుడు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. దాని సంగతిలో మేము మార్చుకున్నది పెద్దదేమీ కాదు. మా ఆవిడ మెస్సులో సాయంత్రం పని మానేసి పొద్దున పూట వంటకు మాత్రమే వెళుతోంది. నెలకు నాలుగు వేలు తగ్గింది. ఆ సాయంత్రాలు వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు, నేను వెళితే ఆపేస్తారు. తండ్రిగా నాకు ఈ విషయాలు ఎలా మాట్లాడాలో ఇప్పటికీ చేతకాదు. మీ సమావేశానికి తండ్రులు వస్తే వాళ్లకు అది కూడా చెప్పండి, చేతకానివాళ్లు చాలామంది ఉన్నారని.

జవాబు 3: జిల్లా కోర్టు న్యాయవాది

చట్టం సంగతి క్లుప్తంగా రాస్తాను, ఎందుకంటే ఇంట్లో దాచిపెట్టడానికి సగం కారణం చట్టం గురించి సగం సగం వినడమే. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం మైనరు పెళ్లి దానంతటదే రద్దు కాదు, రద్దు కోరే హక్కు ఆ మైనరుకు ఉంటుంది, మేజరైన రెండేళ్ల వరకూ ఆ హక్కు నిలిచే ఉంటుంది. అంటే పదహారేళ్లకు పెళ్లయిన అమ్మాయి ఇరవై నిండేలోపు కోర్టుకు వెళ్లవచ్చు. పెళ్లి రద్దయినా పుట్టిన బిడ్డ చట్టబద్ధ సంతానమే. భార్య అయినా సరే, పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయితో శారీరక సంబంధం అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 11న చెప్పింది.

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం, 2012 ప్రకారం విషయం తెలిసిన ప్రతివారూ, డాక్టరుతో సహా, పోలీసులకు తెలియజేయాలి. ఆ భయంతోనే కుటుంబాలు ఆసుపత్రి మెట్లెక్కకుండా సందులోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి పిల్ల ప్రాణం మీదికి తెస్తాయి. అయితే గర్భస్రావం కోసం మైనరు వచ్చినప్పుడు, ఆ అమ్మాయీ సంరక్షకులూ కోరితే, డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు చెప్పనక్కరలేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న స్పష్టం చేసింది. మైనరుకు గర్భస్రావం చేయాలంటే సంరక్షకుల రాతపూర్వక అంగీకారం తప్పనిసరి. 20 వారాల వరకూ ఒక డాక్టరు అభిప్రాయం చాలు, 20 నుంచి 24 వారాల మధ్య మైనర్లకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో వీలుంటుంది. గమనించండి, గడువు ఉంది, అంగీకారం పెద్దవాళ్లదే కావాలి. పిల్ల భయపడి మూడు నెలలు, తల్లి తండ్రికి చెప్పలేక మరో నెల గడిపేస్తే చట్టం ఇచ్చిన దారి సగం ఇంట్లోనే మూసుకుపోతుంది. నెల తప్పిన సంగతి ఇంట్లో భయం లేకుండా చెప్పగలిగే మనిషి ఒక్కరైనా ఉన్నారా అన్నదే, నా వృత్తిలో నేను చూసినంతవరకు, మిగతాదంతా నిర్ణయిస్తుంది.

జవాబు 4: పదిహేడుకే అమ్మను (గుంటూరు)

పేరు చెప్పుకోను. నాకిప్పుడు ముప్పై నాలుగు. పదహారో ఏట మేనబావతో పెళ్లయింది. నన్ను ఎవరూ కొట్టి, బలవంతపెట్టి చేయలేదు. పెళ్లికి నాలుగు పట్టుచీరలు కొన్నారు, నాకు సంతోషంగానే ఉంది. పదో తరగతి పరీక్షలు ఏప్రిల్ మొదట్లో అయిపోయాయి, ఇంటర్‌లో చేరడానికి జూన్ దాకా టైముంది, ఆ మధ్యలో ముహూర్తాలున్నాయి, అంతే. ఈ రెండు నెలల గురించి టీచర్లు ఎవరైనా ఆలోచించారో లేదో నాకు తెలియదు. పిల్ల బడిలో ఉండదు, కాలేజీలో ఉండదు, ఇంట్లో ఖాళీగా కనబడుతుంది. చుట్టాలు వచ్చి "ఏం చేస్తోంది?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. మా ఇంట్లో నా చదువు ఆపేద్దామని ఎవరూ అనుకోలేదు. ఆ వేసవిలో దాన్ని గురించి ఎవరూ ఏమీ అనుకోకపోవడం వల్ల అది ఆగిపోయింది.

పెళ్లి ముందురోజు రాత్రి మా పిన్ని నన్ను పక్కకు పిలిచి, "అతను ఎలా చెబితే అలా నడుచుకో, అరవకు" అంది. మా అమ్మ అదీ చెప్పలేదు. నెల తప్పడమంటే ఏమిటో నాకు పూర్తిగా తెలియదు. మా అత్త వంటింటి గోడ మీద క్యాలెండరులో నా తేదీల పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేది. రెండు నెలలు చుక్క పడకపోయేసరికి పక్కింటికి చక్కెర పంచింది. నా కడుపులో బిడ్డ ఉందని నాకు తెలిసింది ఆ చక్కెరతోనే. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు "ఇరవై అని చెప్పు" అంది అమ్మ. కాన్పు గదిలో నొప్పికి అరిచినందుకు అక్కడి నర్సు, "అప్పుడు తెలియలేదా?" అంది. ఆ మాటకు నాకు అర్థం కూడా తెలియదు, చాలా ఏళ్ల తర్వాత గుర్తొచ్చి ఒళ్లు మండింది.

అత్తను చెడ్డదాన్ని చేసి రాయడం నాకిష్టం లేదు. బిడ్డకు మూడు నెలలప్పుడు నాకు జ్వరం తగ్గకపోతే రాత్రంతా బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చున్నది ఆవిడే. తర్వాత నేను దూరవిద్యలో ఇంటర్ కడతానంటే ఫీజుకు గాజు తాకట్టు పెట్టిందీ ఆవిడే. తనకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే వినేదేమోనని ఇప్పటికీ అనుకుంటాను, చెప్పేవాళ్లెవరూ అత్తలను సమావేశాలకు పిలవరు.

మా అమ్మాయికి ఇప్పుడు పదహారు నిండాయి. దానితో నేను అన్నీ మాట్లాడతాను, మొదట్లో నా గొంతు పెగిలేది కాదు, కూరగాయలు తరుగుతూ ముఖం చూడకుండా మాట్లాడటం మొదలుపెట్టాను. ఒకరోజు అది తనే తరగతిలో ఒక అబ్బాయి నచ్చాడని చెప్పింది. నా చేయి ఆగిపోయింది. మా అమ్మ అయితే ఆ మాటకే మర్నాడు సంబంధాలు వెతికేది. నేను ఆ వంకాయ తరగడం పూర్తిచేసి, "చదువులో ఎలా ఉంటాడు?" అని అడిగాను. అది నవ్వింది. ఆ తర్వాత కూడా చెబుతూనే ఉంది. నేను వణికిపోయానని దానికి తెలియదు.

ప్రశ్న అడిగినవారు: లెక్కల టీచర్

అందరికీ కృతజ్ఞతలు. నేను రాసుకున్న ప్రసంగం పక్కన పెట్టేశాను. పదో తరగతి ఆడపిల్లల ఇళ్లకు పంపే ఆహ్వానంలో "తల్లిదండ్రులు" అన్న చోట నాయనమ్మ, అమ్మమ్మ, మేనత్త ఎవరైనా రావచ్చని రాయిస్తున్నాను. ప్రసంగానికి బదులు ఒక కాగితం ఇస్తాను, పరీక్షల చివరి రోజు నుంచి ఇంటర్ చేరే రోజు దాకా ఏ వారం ఏ పని ఉందో, దగ్గరి జూనియర్ కాలేజీలు ఏవో, ఏ నంబరు బస్సు వెళుతుందో అందులో ఉంటుంది. ఆ రెండు నెలలూ పదో తరగతి ఆడపిల్లలను కింది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పడానికి బడికి రప్పించమని ప్రధానోపాధ్యాయులను అడిగాను. ఇంకా ఒప్పుకోలేదు, ఎండాకాలమని అంటున్నారు.

పద్దెనిమిది పెళ్లికి గీత, కాన్పుకు కాదన్న మాటను మాత్రం మేస్త్రీ గారి పేరు చెప్పకుండా వాడుకుంటాను. జూన్‌లో వచ్చిన అమ్మాయి లెక్కల్లో 41 తెచ్చుకుంది. ఇప్పుడు పుట్టింట్లో ఉంది, సర్టిఫికెట్ల కోసం తల్లి వచ్చి వెళ్లింది.

ఏఎన్‌ఎం గారూ, మా వార్డు ఏఎన్‌ఎంను కూడా పిలుద్దామనుకుంటున్నాను. మీ అనుభవంలో ఆవిడకు ఏ రోజు వీలవుతుందంటారు?

కొండవాలు ఏఎన్‌ఎం

ఆదివారం పొద్దున పెట్టండి, పనులకు వెళ్లే తల్లులకూ అదే వీలు. వేరే రోజు పెట్టాల్సి వస్తే 9వ తేదీ మాత్రం పడకుండా చూసుకోండి, ప్రతి నెలా ఆ రోజు గర్భిణుల పరీక్షలుంటాయి, ఆవిడ కదలలేదు.